మూడో స్థానం జట్టుకి అభిమానిని

యూటా యూనివర్సిటీ అమ్మాయిల జిమ్నాస్టిక్స్ జట్టు 2021లో అమెరికా కాలేజీల జాతీయ పోటీల్లో మూడో స్థానం. 2022లో మూడు. 2023లో మూడు. 2024లోనూ మూడే. 2025లో మారింది లెండి, నాలుగయింది. విజయనగరంలో కూర్చుని, ఆ యూటా ఏ మూలనుందో కూడా సరిగ్గా తెలియకుండా మొదలుపెట్టి, ఇప్పుడు ప్రతి జనవరి కోసం ఎదురుచూసేలా చేసిన నా జట్టు ఇదే.

ఎవరికి చెప్పినా మొదట అడిగేది ఒకటే, అమెరికా కాలేజీ పిల్లల పిల్లిమొగ్గలతో నీకేం పని అని. క్రికెట్ అయితే ఎవరూ అడగరు.

మొదలైంది అందరికీ మొదలైనట్టే. 2019 జనవరిలో యూసీఎల్ఏ కాలేజీ అమ్మాయి కేట్లిన్ ఒహాషి ఫ్లోర్ మీద పదికి పది తెచ్చుకున్న వీడియో ప్రపంచమంతా తిరిగింది, మా ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చింది. ఒకసారి చూసి, వావ్ అని పెట్టి, ఇంకొకరికి పంపేసి మర్చిపోయారు అందరూ. నేను మాత్రం ఆ అమ్మాయి పక్కన నిలబడి చప్పట్లు కొట్టే మిగతా పిల్లల్ని చూశాను. ఈ అమ్మాయి ఏ స్టెప్ ఎప్పుడు వేస్తుందో వాళ్లకి ముందే తెలుసు, తనతో పాటు వాళ్లూ వేస్తున్నారు. ఇదేదో వేరే రకం ఆటలా ఉందే అనిపించింది. యూటా యూనివర్సిటీ ఉన్న సాల్ట్‌లేక్ సిటీలో ఉండే మా పిన్ని కూతురితో అంటే, "అక్కా, మా ఊళ్లో దీనికి జనం ఎలా వస్తారో నీకు తెలీదు" అని, ఒకసారి మీట్‌కి, అంటే జట్ల మధ్య పోటీకి, వెళ్లి అక్కడినుంచే వీడియో కాల్ చేసింది. పదిహేను వేల మంది పట్టే హాలు. ఆ గోలలో దాని మాట ఒక్కటీ వినబడలేదు. అప్పటినుంచి యూటానే.

లెక్క చాలా సులువు, అందుకే పట్టుకుంటే వదలదు. పరిగెత్తుకొచ్చి బల్ల మీదుగా ఎగిరే వాల్ట్, రెండు కడ్డీల మీద ఊగే బార్స్, సన్నటి దిమ్మ మీద చేసే బీమ్, నేల మీద పాటకి చేసే ఫ్లోర్, నాలుగు అంశాలు. ఒక్కోదానికి జట్టులో ఆరుగురు దిగుతారు, అందులో మంచి అయిదు స్కోర్లే లెక్కలోకి వస్తాయి. ఒక్కొక్కరికీ పదికి మార్కులు, అంటే మొత్తం రెండొందలకి. గట్టి జట్లు 197 చుట్టూ తిరుగుతుంటాయి, 198 దాటితే ఆ వారమంతా పండగే. ఒలింపిక్స్ తరహా పోటీల్లో ఈ పదికి పది పద్ధతిని 2006లోనే తీసేశారు. రియోలో మన దీపా కర్మాకర్‌కి 15.066 వచ్చి 0.15 తేడాతో కాంస్యం పోయిందని దేశమంతా బాధపడ్డాం గానీ, ఆ 15.066 ఎంతకి అని అడిగితే ఎంతమందిమి చెప్పగలం? కాలేజీలో ఆ గొడవ లేదు. 9.9 వచ్చిందంటే ఎక్కడో 0.1 పోయినట్టు. అది ఎక్కడ పోయిందో వెతుక్కోవడమే నా సరదా. దిగినప్పుడు పాదం కాస్త కదిలితే 0.05, పడిపోతే ఏకంగా 0.5. మామూలు మీట్లలో అంశానికి ఇద్దరు జడ్జీలుంటారు, ఇద్దరి సగటు తీస్తారు, ఒకరు 9.9 ఇచ్చి ఇంకొకరు 9.95 ఇస్తే 9.925. అలాంటప్పుడు ఆ రెండో జడ్జి చూడనిదేంటో, మొదటాయన చూసిందేంటో అని వీడియో వెనక్కి లాగి లాగి చూస్తాను.

ఇక్కడే మా అత్తగారికీ నాకూ తేడా వస్తుంది. "ఏటే, ఆ గుంట మళ్లీ అదే చేస్తంది? పోయిన వారం చూసినావు కదేటి?" అంటారు. నిజమే, అదే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒకమ్మాయి బీమ్ మీద చేసేది దాదాపు అదే తొంభై సెకన్ల రొటీన్, ఫ్లోర్ మీద అదే పాట. ఆవిడకి విసుగు తెప్పించేదే నన్ను పట్టి కూర్చోబెట్టింది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మాది, కచేరీకి వెళ్లి ముందు వరసలో కూర్చునే పెద్దవాళ్లని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, వాళ్లు కొత్త పాట కోసం రారు, బాగా తెలిసిన కీర్తనలో ఈ రోజు ఆ సంగతి ఎలా పడుతుందో అని వస్తారు. నేనూ అంతే. జనవరిలో తూలుతూ దిగిన అమ్మాయి మార్చికి కదలకుండా దిగడం చూడాలంటే, జనవరిది చూసి ఉండాలి కదా. ఒక్క ఫైనల్ చూసేవాళ్లకి అది మామూలు ల్యాండింగే.

మెయిలీ ఓకీఫ్ యూటాకి ఆడినన్నాళ్లూ ఆమె బీమ్ రొటీన్ నాకు కంఠతా వచ్చు. పది సెంటీమీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు ఉన్న చెక్క మీద ఆ అమ్మాయికి తొందరే ఉండదు. 2023లో ఆలరౌండ్, అంటే నాలుగు అంశాలూ కలిపి, జాతీయ ఛాంపియన్ అయింది, జట్టు మాత్రం మళ్లీ మూడే.

శనివారం పొద్దున్న మా ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పాలి. సాల్ట్‌లేక్‌లో శుక్రవారం రాత్రి ఏడైతే మనకి శనివారం పొద్దున్న ఏడున్నర. మార్చిలో వాళ్లు గడియారం ఒక గంట ముందుకి తిప్పుకుంటారు, అప్పట్నుంచి ఆరున్నర. అంటే సరిగ్గా పిల్లల క్యారేజీల వేళ. వీడియో అన్నిసార్లూ దొరకదు, దొరికినా చూసే తీరిక లేదు, కాబట్టి గట్టు మీద ఫోన్ పెట్టుకుని లైవ్ స్కోర్ల పేజీ చూస్తుంటాను. అంకెలే వస్తాయి. 9.85, 9.9, 9.875, హమ్మయ్య. తర్వాత ఎంతకీ రాదు. ఎంతకీ రాలేదంటే ఏదో అయిందని అర్థం, జడ్జీలు మాట్లాడుకుంటున్నారో, అమ్మాయికి దెబ్బ తగిలిందో. చివరికి 9.2 అని పడుతుంది. పడిపోయింది పిల్ల. ఒకరు పడితే జట్టు మోస్తుంది, ఆరో స్కోరు వదిలేస్తారు కాబట్టి. ఇద్దరు పడితే మోయలేదు. అందుకని ఒకరు పడ్డాక తర్వాత ఎక్కే అమ్మాయి ఉంది చూశారూ, ఆ టెన్షన్ ముందు చేజింగ్‌లో ఆఖరి ఓవర్ ఏమూలకి? ఇడ్లీ ఒకటి రెండు వాయిలు గట్టిపడ్డాయంటే కారణం అదే, మా ఆయనకి తెలుసు, అడగడు.

0.05 ఎంత అని ఎవరైనా అంటే వాళ్లకి నా జట్టు కథ చెప్తాను. 2015లో ఫ్లోరిడా 197.850, యూటా 197.800. కప్పు 0.05 తేడాతో పోయింది. ఇరవై నాలుగు రొటీన్లలో ఎవరో ఒకమ్మాయి మడమ అంత కదిలింది, అంతే. 2024లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మొట్టమొదటిసారి గెలిచిన ఫైనల్లో కాలిఫోర్నియాకి రెండో స్థానం, మాకు మూడోది, మళ్లీ అదే 0.05. 2025లో మిజోరికీ మాకూ తేడా 0.0125, జాతీయ పోటీల్లో జడ్జీలు ఎక్కువ మంది ఉంటారు గనక తేడాలు అంత సన్నగా వస్తాయి. మా వాళ్లకి 1981 నుంచి 1995 దాకా పది టైటిళ్లు ఉన్నాయి, 2025 దాకా జాతీయ పోటీలకి వెళ్లని సంవత్సరం ఒక్కటి లేదు. ఆ 1995 తర్వాత కప్పు మాత్రం లేదు.

అంత పెద్ద జట్లకీ పడే రోజు పడుతుంది. 2022, 2023 వరసగా గెలిచిన ఓక్లహోమా, 2024లో కూడా వాళ్లదే అని అందరూ రాసేసుకున్నాక, సెమీస్‌లో వాల్ట్ మీద ఒకరి తర్వాత ఒకరు దెబ్బతిని ఫైనల్‌కే రాలేదు. మరుసటేడు వాళ్లే వచ్చి గెలిచారు, ఆ ఏడు సెమీస్‌లో మిగిలిపోయింది ఎల్‌ఎస్‌యూ.

ఇక మార్కుల సంగతి. సొంత హాల్లో మార్కులు ఉదారంగా పడతాయని ప్రతి జట్టు అభిమానీ పక్క జట్టు గురించి గొణుగుతాడు. మా హాల్లోనూ పడతాయి, నేను కాదనను, ఆ పదిహేను వేల మంది అరుస్తుంటే జడ్జి చెయ్యి కూడా మెత్తబడుతుంది. అందుకే ర్యాంకింగ్‌కి ఒక లెక్క పెట్టారు: సీజన్లో మంచి ఆరు స్కోర్లు తీసుకోవాలి, అందులో కనీసం మూడు బయట ఊళ్లలోవి అయ్యుండాలి, అన్నిటికన్నా పెద్దది కొట్టేసి మిగిలిన అయిదింటి సగటు తీయాలి. తెలివైన పద్ధతి. ఫిబ్రవరి చివరికొచ్చేసరికి ఈ వారం ఎంత కొడితే ఎన్నో ర్యాంకు అని నా దగ్గర కాగితాలు తయారవుతాయి, మా అబ్బాయి లెక్కల నోటు వెనక పేజీలతో సహా. వాల్ట్‌లో కూడా కాస్త బిగించారు, యుర్చెంకో ఫుల్ అనే వాల్ట్‌కి 2016 సీజన్ నుంచి ఎంత బాగా చేసినా 9.95 దాటదు, పది కావాలంటే గాల్లో ఇంకో అర చుట్టు తిరగాలి. బీమ్ మీద కూడా ఇలా ఏదో ఒకటి చెయ్యాలని నా గట్టి అభిప్రాయం.

అంతా ముచ్చటే అనుకోకండి. 2023లో మా జట్టు కోచ్ మాటలతో వేధిస్తున్నాడని ఆడిన అమ్మాయిలే బయటకొచ్చి చెప్పారు, ఆ ఏడాది నవంబరులో ఆయన వెళ్లిపోయాడు, కార్లీ డాకెండార్ఫ్ ఆ బాధ్యత తీసుకుంది. ఆ వార్తలు చదివాక పాత వీడియోల్లో ఆ పిల్లల మొహాలు వేరేగా కనిపించాయి నాకు. కప్పు రాకపోయినా ఫరవాలేదు అనుకున్న రోజులవి.

మనవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతారు. మోహినీ భరద్వాజ్ అని, తండ్రి భారతీయుడు, యూసీఎల్ఏకి ఆడి 2000, 2001 టైటిళ్లు గెలిచిన జట్టులో ఉంది. చదువయ్యాక, ఇరవై అయిదేళ్ల వయసులో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుతో వెండి పతకం. శిక్షణకి డబ్బుల్లేక తిప్పలు పడుతుంటే నటి పమేలా ఆండర్సన్ ఇరవై వేల డాలర్లు ఇచ్చింది. ఇప్పటి పిల్లలకి ఆ బాధ కొంత తగ్గింది, 2021 జూలై నుంచి కాలేజీకి ఆడుతూనే ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. టోక్యోలో పతకాలు తెచ్చుకున్నవాళ్లు నేరుగా కాలేజీ జట్లలో చేరింది అందుకే, సునీసా లీ ఆబర్న్‌కి వెళ్లింది, గ్రేస్ మెకాలమ్ మాకొచ్చింది. మన హైదరాబాద్ అమ్మాయి బుడ్డా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చింది, ఆమె అలాంటి హాల్లో వారం వారం ఆడుంటే ఎలా ఉండేదో అని అనుకుంటుంటాను.

మా వైపు అమ్మాయిల బలం ఎవరికీ కొత్త కాదు. శ్రీకాకుళం వైపు ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఇక్కడ నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో కాంస్యం గెలిస్తే, నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది వెండి అయింది. పతకం వచ్చిందంటే మనం ఊరేగింపు బాగా చేస్తాం. సాల్ట్‌లేక్ వాళ్ల దగ్గర నాకు నచ్చింది వేరు, పతకం లేని మామూలు శుక్రవారం, ఎవరో చిన్న జట్టుతో మీట్ ఉన్నా టికెట్ కొనుక్కుని వస్తారు.

చూద్దామనుకునేవాళ్లు 2018 ఫైనల్లో చిట్టచివరి బీమ్ రొటీన్‌తో మొదలుపెట్టండి. క్రిస్టీన్ పెంగ్‌పెంగ్ లీ, యూసీఎల్ఏకి ఆడిన కెనడా అమ్మాయి, మోకాలు దెబ్బతిని 2012 ఒలింపిక్స్ పోగొట్టుకుంది. జట్టులో ఆఖరిగా ఎక్కింది, పదికి పది, యూసీఎల్ఏ 198.075, ఓక్లహోమా 198.0375. ఆ తర్వాత జనవరిలో ఏదైనా ఒక జట్టుని, అందులో బీమ్ చేసే ఒకమ్మాయిని పట్టుకుని వారం వారం చూడండి. ఏ జట్టైనా ఫరవాలేదు, ఓక్లహోమా మాత్రం వద్దు. 2025 నాటికే వాళ్ల దగ్గర ఏడు కప్పులున్నాయి, మీరు కూడా వెళ్లి కూర్చుంటే మా మీద ఇంకా ఎక్కుతారు.