నాన్న బండికి కొత్త డూమ్

ఆదివారం, రాత్రి పదిన్నర.

రెండుసార్లు సబ్బుతో కడిగినా చేతులకు గ్రీజు వాసన పోలేదు. అయినా ఇది రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

మాది 2001 మోడల్ స్ప్లెండర్, ఏపీ 7 నంబరు. నాన్న కొన్న బండి. పదిహేనేళ్లు నిండాక ఆర్సీ రెండుసార్లు రెన్యువల్ చేయించాం. ఇంజను ఇప్పటికీ ఒక్క కిక్కుకే అందుకుంటుంది. బాధంతా లైటుతోనే. తెనాలిలో షాపు కట్టేసి బయల్దేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. అక్కణ్ణుంచి వేమూరు వైపు, కాలవ పక్క రోడ్డు. ఇప్పుడు కోతల కాలం. మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి కాబట్టి సగం రోడ్డు దాకా ఆరబోస్తారు. రాత్రికి కుప్ప చేసి, పట్టా కప్పి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. రైతుని తప్పు పట్టలేను, ఆరబెట్టుకోవడానికి ఆయనకు వేరే చోటేది? కానీ పట్టా నలుపు, రోడ్డు నలుపు, నా లైటేమో కిరసనాయిలు బుడ్డి. పోయిన మంగళవారం ఒక రాయి ముందు చక్రానికి బారెడు దూరంలోకి వచ్చాక గానీ కనపడలేదు. ఎలా తప్పించానో నాకే తెలియదు. ఇంటికొచ్చి నీళ్లు తాగినా దడ తగ్గలేదు.

ఇలాంటి పాత బళ్లలో హెడ్‌లైట్‌కు కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది. రేజ్ చేస్తే వెలుగుతుంది, స్లోలో పడిపోతుంది. గుంట ఉందేమోనని అనుమానమొచ్చి వేగం తగ్గిస్తాం, సరిగ్గా అప్పుడే వెలుగూ తగ్గిపోతుంది.

రెండు నెలల కిందట ఒక ఎల్‌ఈడీ బల్బు కొని నేనే పెట్టాను. తెల్లగా భగ్గుమంది. సంబరపడ్డాను. మూడో రోజు రాత్రి పాల క్యాన్లు కట్టుకుని సైకిల్ మీద ఎదురొస్తున్న పెద్దాయన నా వెలుగులో పడగానే తూలి, కాలు కింద పెట్టి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన పక్కన రెండడుగుల మట్టి, ఆ తర్వాత కాలవ. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను దాటేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ రాత్రే ఆ బల్బు పీకేశాను.

అందుకే ఈ రోజు పొద్దున్నే మెకానిక్ అన్న దగ్గరికి వెళ్లి, "అన్నా, రోడ్డు కనపడాలి. ఎదుటివాడి కంట్లో మాత్రం కొట్టకూడదు" అన్నాను.

ఆయన హెడ్‌లైట్ చుట్టూ ఉండే వైజర్ విప్పి డూమ్, అంటే బల్బు వెలుగుని ముందుకు తోసే అద్దంలాంటి భాగం, బయటికి తీశాడు. లోపలి వెండి పూత మబ్బు పట్టిన అద్దంలా ఉంది, కింద భాగంలో పూర్తిగా పోయింది. బల్బు ఎంత మంచిదైనా ఈ డూమ్ వెలుగుని ముందుకు తొయ్యలేదు. హోల్డర్ ఒక పక్క కమిలి గోధుమరంగుకి తిరిగింది. ఎర్త్ వైరు చివర ఆకుపచ్చగా చిలుము. దాన్ని ఎమరీ పేపరుతో రుద్దుతుంటే లోపల్నించి ఎర్రటి రాగి మెరిసింది. చిలుము పడితే బల్బుకు అందే ఓల్టేజీ తగ్గుతుంది. హాలోజన్ బల్బుకు ఓల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. ఆ చిలుము ఎన్నేళ్లుగా తింటోందో నా వెలుగుని.

"పోనీ 60 వాట్ల బల్బు వేద్దామా?" అన్నాను.

"కాయిల్ ఇచ్చేదే 35కి సరిపడా తమ్ముడూ. 60 పెడితే ఇంకా మసకేసిద్ది, హోల్డర్ కూడా కరిగిపోద్ది."

కొత్త బల్బుని కాగితంతో పట్టుకుని చూపించాడు. హాలోజన్ గాజుని వేళ్లతో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటినచోట వేడెక్కి పగులుతుంది. లోపల రెండు తీగలు. డిమ్ తీగ కింద గోరంత రేకు గిన్నె ఉంది. తీగ వెలుగు డూమ్ కింది సగానికి తగలకుండా ఆ గిన్నె ఆపుతుంది. పై సగానికి తగిలిన వెలుగు మాత్రమే కిందికి, రోడ్డు మీదికి మళ్లుతుంది. ఇన్నేళ్లు బండి నడిపాను, ఈ గిన్నె సంగతి నాకు తెలియదు. నేను కొన్న ఎల్‌ఈడీకి అది లేదు. పెద్దాయన కళ్లలో కొట్టింది అందుకే.

డూమ్ 650, బల్బు 140, హోల్డర్ 60, కూలి 200. స్లోలో వెలుగు తగ్గడం మాత్రం దీంతో పోదు. దానికి కాయిల్ ఎర్త్ విడదీసి, రెక్టిఫయర్ మార్చి డీసీ చెయ్యాలి, అంటే లైటు బ్యాటరీ మీద వెలిగేలా. మాది కిక్ బండి, బ్యాటరీ చిన్నది, రెండున్నర ఆంపియర్-అవర్లదే, అదీ ఆలోచించాలి. సంక్రాంతి తర్వాత చూద్దామన్నాడు.

చీకటి పడ్డాక మిల్లు గోడకి పాతిక అడుగుల దూరంలో బండి పెట్టాం. నేను మీద కూర్చున్నాను, ఖాళీ బండికీ మనిషి ఎక్కిన బండికీ వెలుగు ఎత్తు మారుతుంది. పాప సుద్దముక్కతో హెడ్‌లైట్ ఎత్తున గోడ మీద గీత గీసింది. డిమ్ వెలుగు పై అంచు ఆ గీతకి రెండంగుళాలు కింద ఉండేలా స్క్రూ తిప్పాను. "ఇంకొంచెం నాన్నా... ఇంకొంచెం... ఆపు!" ఆ ఆపు అనడంలో ఎంత పెద్దరికమో దానికి.

తర్వాత ఇద్దరం లాకుల దాకా వెళ్లొచ్చాం. పసుపు వెలుగే, కళ్లు చెదిరేంత కాదు. కానీ మంగళవారం నాటి కుప్ప దూరం నుంచే కనపడింది. పట్టా అంచు, రాళ్లు, పక్కన మంచం వేసుకుని కాపలా పడుకున్న మనిషి, మంచం కింద చెప్పులు. "రాళ్లు ఆరున్నాయి నాన్నా" అంది పాప వెనకనుంచి, దగ్గరికి రాకముందే లెక్కపెట్టి.

ఇంటి దగ్గర అది దిగి చూసి, వెనక లైటు వెలగడం లేదని చెప్పింది. రేపు షాపుకి వెళ్తూ ఆ బల్బు కొనాలి.