కాన్వీ కోట నీడలో ఒక మంగళవారం

ఆగస్టు, మంగళవారం రాత్రి

పిల్లలు నిద్రపోయారు. అమ్మ మోకాళ్ళకు నూనె రాసుకుని పడుకుంది. ఆయన రాత్రి డ్యూటీకి వెళ్ళారు. బకెట్టులో మిగిలిన ఉప్పునీటి వాసన ఇంకా వంటింట్లో ఉంది. నిద్ర ముంచుకొచ్చేలోగా ఇవాళ్టి సంగతులు రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

అమ్మ రేపల్లె దగ్గరి మా పల్లె నుంచి ఇక్కడికి వచ్చి నెల కావస్తున్నది. బ్రిటన్‌లో ఉత్తర వేల్స్ ప్రాంతాన మేముండే రిల్ ఊరి సముద్రతీరం తప్ప ఆమెకు ఇంతవరకు నేనేమీ చూపించలేకపోయాను. ఇవాళ నాకు సెలవు దొరికింది, వానా లేదు. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని, పిల్లలిద్దరినీ, అమ్మనూ తీసుకుని కాన్వీకి బయలుదేరాను. రైల్లో అరగంట కూడా పట్టదు. కాన్వీ చిన్న స్టేషను కనుక అడిగితేనే రైలు ఆగుతుంది; దిగేవారు గార్డుకు ముందే చెప్పాలి, ఎక్కేవారు ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యెత్తాలి. మా ఊరి రోడ్డు మీద ఎర్ర బస్సును ఆపినట్టు ఇక్కడ రైలును ఆపవచ్చునని చెప్పినప్పుడు అమ్మ ఒక పట్టాన నమ్మలేదు. గార్డుకు చెప్పే పని పెద్దవాడు తీసుకున్నాడు. వాడికి 11 ఏళ్ళు, అలాంటి బాధ్యతలంటే ఇష్టం.

ఊరు చేరే ముందు రైలు ఇనుప గొట్టంలాంటి వంతెనలో దూరి నది దాటుతుంది. ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్ 1848లో నిర్మించిన ఆ వంతెన మీదనే ఈనాటికీ రైళ్ళు నడుస్తున్నాయి. కిటికీ అవతల ఒక్కసారిగా చీకటి కమ్ముతుంది, మరుక్షణం వెలుగులోకి రాగానే కోటగోడ చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా, ఆకాశాన్ని కప్పేస్తూ కనిపిస్తుంది. అమ్మ చేతులోని సంచీ ఒళ్ళో పెట్టుకుని, "ఇంత కోటను ఆనుకుని బండి పోతోందేమిటే!" అన్నది. ఆమెకు రైలు ఎప్పుడూ బండే.

కోట గురించి పిల్లలకు చెప్పడానికి నిన్న రాత్రి కొంత చదువుకున్నాను. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో ఉత్తర వేల్స్‌ను జయించిన వెంటనే ఇక్కడ పని మొదలుపెట్టించాడు. సవాయ్ ప్రాంతం నుంచి వచ్చిన సెయింట్ జార్జ్ జేమ్స్ అనే మేస్త్రి పర్యవేక్షణలో, 1287 నాటికి కోటా, ఊరి చుట్టూ ప్రాకారమూ దాదాపు పూర్తయ్యాయి. అందుకు ఆ రోజుల్లో 15,000 పౌండ్లు ఖర్చయింది. అంతకు ముందు ఇక్కడ సన్యాసుల మఠం ఒకటి ఉండేది. వేల్స్ ప్రజలు గొప్పగా తలచుకునే లివెలిన్ రాజును 1240లో అక్కడే సమాధి చేశారు. ఎడ్వర్డ్ ఆ మఠాన్ని లోయ ఎగువకు తరలించి, ఆ చోటనే తన ఊరిని కట్టించుకున్నాడు. ఓడినవారి సమాధి నేల మీద గెలిచినవాడు గోడ లేపడమన్నది ఎంత నిబ్బరంతో ఆలోచించి చేసిన పనో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

కోటకు 8 బురుజులు. పైకప్పులూ, కొయ్య అంతస్తులూ ఎప్పుడో పోయాయి కనుక, లోపల నిలబడి తలెత్తితే నడి గోడలో, ఏ నేలా లేని చోట, ఒక పొయ్యి గూడు వేలాడుతూ కనిపిస్తుంది. ఆరేళ్ళ చిన్నది దాని వైపే చూస్తూ, అక్కడ వంట చేసేవాళ్ళు ఎగిరి వెళ్ళేవారా అని అడిగింది. గోడలోని రంధ్రాల వరుస చూపించి, వాటిలో దూలాలు ఉండేవనీ, దూలాల మీద నేల ఉండేదనీ వాళ్ళ అన్నయ్య వివరించాడు. పలకల మీద రాసినది చదివి చెప్పడంకంటే ఇలా గోడను చూపి చెప్పడమే దానికి బాగా ఎక్కింది. ఇంకా అక్కడక్కడా తెల్లని పూత మిగిలి ఉన్నది. ఒకప్పుడు ఈ కోటంతా సున్నంతో తెల్లగా మెరిసేదట. "పండక్కి ఇంటికి వేసినట్టు కోటకూ సున్నం వేయించాడా మహానుభావుడు," అన్నది అమ్మ.

మెట్లు రాతివి, ఇరుకువి, గుండ్రంగా తిరిగేవి. వాటిని ఎక్కడం అమ్మ వల్ల కాదని ముందే అనుకున్నాం కనుక, పెద్ద చావడిలో ఎండపడే రాతి అరుగు చూసి ఆమెను కూర్చోబెట్టి మేము ముగ్గురం పైకి వెళ్ళాము. గాలి గట్టిగా కొడుతున్నది. పైనుంచి చూస్తే నది సముద్రంలో కలిసే చోటు, బురదలో ఒరిగిన పడవలు, కోట పాదం దగ్గరనుంచే మొదలయ్యే, ఇంజనీరు థామస్ టెల్‌ఫర్డ్ కట్టిన వేలాడే వంతెన ఒక్క చూపులో అందుతాయి. ఆ వంతెన 1826 నాటిది, ఇప్పుడు నడిచేవారికి మాత్రమే. దాని స్తంభాలను కోట బురుజుల్లాగే కట్టడంతో, ఐదువందల ఏళ్ళకు పైగా ఎడమున్న రెండు కట్టడాలు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. నా అభిప్రాయంలో పిల్లలతో వచ్చినవారు కాన్వీలో మరేదీ చూడకపోయినా ఈ బురుజులు మాత్రం తప్పక ఎక్కాలి. ఊరంతా కట్టిన తీరు, నదికీ కోటకూ ఉన్న సంబంధం అక్కడే అర్థమవుతాయి.

ఆ సంబంధాన్ని గురించి పెద్దవాడికొక కథ చెప్పాను. 1294–95 శీతకాలంలో వేల్స్ ప్రజలు తిరగబడినప్పుడు కోట కట్టించిన ఎడ్వర్డ్ రాజే ఈ గోడల నడుమ చిక్కుపడ్డాడు. సముద్రం మీదుగా వచ్చే సరకులే ఆధారమై గడిపాడు. 1401లో మరో ముచ్చట. గుడ్ ఫ్రైడే నాడు కావలివారు చర్చిలో ప్రార్థనలో ఉండగా, ఇంగ్లండు మీద తిరగబడ్డ వేల్స్ నాయకుడు ఓవైన్ గ్లిన్‌డూర్ పక్షాన నిలిచిన ఇద్దరు అన్నదమ్ములు కొద్దిమందితో కోటను పట్టేసుకున్నారు. వడ్రంగి పనివారమని చెప్పి లోపలికి చొరబడ్డారని చెబుతారు. వాడు ఎంతసేపూ ఆ వడ్రంగుల గురించే అడిగాడు, ఏ తలుపులో నుంచి వచ్చి ఉంటారో తానే వెతికి ఒకటి ఖాయం చేశాడు.

దిగివచ్చేసరికి అమ్మ చేతిలో టికెట్టు పట్టుకుని దాని మీది అక్షరాలు చూస్తున్నది. కోటను సంరక్షించే ప్రభుత్వ సంస్థ పేరు 'కాడు'. వేల్స్ వారి భాష వెల్ష్‌లో దానికి కాచుకొను, భద్రపరచు అని అర్థమని చిన్నది బడిలో నేర్చుకున్న గర్వంతో చెప్పింది. "మన కాపాడు లాగే ఉందే," అన్నది అమ్మ. ఆ రెండింటికీ చుట్టరికమేమీ లేదని నాకు తెలుసు, అయినా ఆమె ముఖంలో కనిపించిన సంతోషం చూసి ఆ మాట నాలోనే ఉంచుకున్నాను.

ప్రాకారం మీద నడవడానికి టికెట్టు అక్కరలేదు. సుమారు 1.3 కిలోమీటర్ల పొడవు, 21 బురుజులు, 3 పాత ద్వారాలు. ఒక చోట గోడ నుంచి బయటికి పొడుచుకువచ్చిన 12 మరుగుదొడ్ల వరుస ఉంది. పిల్లలిద్దరికీ రాజుల చరిత్ర కంటే అదే ఎక్కువ గుర్తుండిపోతుందని నాకు నమ్మకం. ఎత్తయిన చోట చిన్నది భయపడి నా కొంగు వదలలేదు కనుక పూర్తిగా తిరగకుండా సగంలోనే దిగిపోయాము.

అయినా ఆ గోడ మీద నడుస్తున్నంతసేపూ నాకొక ఆలోచన వెంటాడింది. ఈ ప్రాకారాన్ని కట్టింది వేల్స్ ప్రజలను బయట ఉంచడానికి. లోపలి ఇళ్ళూ, వ్యాపారపు హక్కులూ ఇంగ్లండు నుంచి తెచ్చి నిలిపినవారికే దక్కాయి; ఈ నేల మీద పుట్టినవారు లోపల కాపురముండరాదని నిషేధం. అదే గోడ కింద ఇవాళ రోడ్డు మీద వాహనాలకు 'నెమ్మది' అని చెప్పే మాట ముందు వెల్ష్‌లో రాసి ఉన్నది, కోట మీద వేల్స్ వారి ఎర్ర డ్రాగన్ జెండా ఎగురుతున్నది. పంతొమ్మిదో శతాబ్దంలో బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కపలక ఒకటి వేలాడదీసి శిక్షించేవారు. ఆ భాషను 2021 జనాభా లెక్కల్లో సుమారు 5,38,000 మంది తమకు వచ్చునని చెప్పారు; 2050 నాటికి దానిని 10 లక్షలకు చేర్చాలని ఇక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకున్నది. మనవాళ్ళు కోట్ల సంఖ్యలో ఉన్నారన్న ధీమాతో నేను నా ఇంట్లోనే ఎంత నిర్లక్ష్యంగా ఉన్నానో తలచుకుంటే బాధ కలిగింది. అమ్మ తెలుగులో అడిగితే పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తారు, నేను మధ్యన నిలబడి అటూ ఇటూ అనువాదం చేస్తూ దానినే సంసారం అనుకుంటున్నాను.

మధ్యాహ్నం రేవు గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నాము. సీగల్ పక్షులు చేతిలోని తిండిని లాక్కుపోతాయి కనుక డబ్బా మూత తెరిచినప్పుడల్లా ఒకరు కాపలా కాశాము. రేవులోనే బ్రిటన్‌లోకెల్లా చిన్న ఇల్లు ఉంది, వెడల్పు 1.8 మీటర్లు, ఎత్తు 3.1 మీటర్లు, ఎర్ర రంగు. కింద పొయ్యి, పైన మంచం. 1900 వరకు అందులో కాపురమున్న జాలరి ఆరడుగుల పైచిలుకు మనిషి. గుమ్మం దగ్గర నల్లని పొడుగు టోపీతో, వేల్స్ సంప్రదాయ దుస్తుల్లో నిలబడిన ఆవిడ చిన్నదాని చేత "దియోల్ఖ్" అనిపించుకుని మురిసిపోయింది. ధన్యవాదాలకు ఇక్కడి మాట అది.

అసలు రోజంతటికీ మూలం ఆ తరువాతి రెండు గంటలు. నీరు ఎక్కుతున్న వేళ రేవు గట్టు పొడుగునా పిల్లలు బోర్లా పడుకుని, దారానికి పందిమాంసపు ముక్క కట్టి నీళ్ళలోకి వదిలి పీతలు పడతారు. గేలం ఉండదు, ముక్కను పట్టుకున్న పీత లోభంతో వదలక పైకి వచ్చేస్తుంది. బకెట్టులో సముద్రపు నీరే పోయాలి, నీడన ఉంచాలి, కిక్కిరిసిపోయేటట్టు వేయకూడదు, కాసేపయ్యాక నీళ్ళలోకి వదిలేయాలి. ఈ నియమాలన్నీ మా పక్కన కూర్చున్న ఒక ముసలావిడ తన మనవలకు వెల్ష్‌లోనూ, మాకు ఇంగ్లీషులోనూ చెప్పింది. ఆ పిల్లలు ఆమెను "నైన్" అని పిలుస్తున్నారు. ఉత్తర వేల్స్‌లో అమ్మమ్మనూ నాయనమ్మనూ అలాగే పిలుస్తారు.

మొదటి పీత పైకి రాగానే పెద్దవాడు ఇంగ్లీషులో అరిచాడు, చిన్నది బడిలో నేర్చిన వెల్ష్ మాట "క్రాంక్" అన్నది. అమ్మ వంగి చూసి, "ఎండ్రకాయ. మా చిన్నప్పుడు పొలం గట్ల బొరియల్లో చెయ్యి పెట్టి పట్టేవాళ్ళం. వెనకనుంచి, డిప్ప మీద పట్టుకో నాన్నా, కొండి అందదు," అన్నది. వాడు అలాగే పట్టుకున్నాడు. కొండి గాలిలో ఆడింది గాని అందలేదు. నైన్ కూడా తన మనవలకు సరిగ్గా అదే పట్టు చూపిస్తున్నది. భాష తెలియని ఆ ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకరి చేతి వైపు ఒకరు చూసుకుని తలలూపుకున్నారు.

అంతలో అవతలి బురద అంచున ఒక తెల్లని పక్షి వచ్చి వాలింది. "అదుగో కొంగ! ఇది ఇక్కడికీ వచ్చిందా," అన్నది అమ్మ. మన చెరువుల దగ్గర తిరిగే చిన్న తెల్లకొంగే అది, వేరే జాతి కాదు. నది కిందుగా 1991లో తెరిచిన రోడ్డు సొరంగం కోసం తవ్వితీసిన మట్టితో అవతలి ఒడ్డున కుంటలు ఏర్పరచి, 1995లో పక్షుల రక్షిత ప్రదేశంగా తెరిచారు. వసంతంలో పిల్లలతో అక్కడికి వెళ్ళినప్పుడు మేము ఈ కొంగలనూ, జుట్టున్న తీతువులనూ చూశాము. వచ్చే వారం అమ్మను అక్కడికి తీసుకువెళ్ళాలి. దారి చదునుగా ఉంటుంది, ఆమె మోకాళ్ళకు ఇబ్బంది ఉండదు.

ఐదు గంటలకు బకెట్టును గట్టు చివరి వాలు దగ్గరకు మోసుకుపోయి మెల్లగా వంచాము. ఒక్కొక్క పీతా అడ్డంగా నడుచుకుంటూ నీళ్ళలోకి జారుతుంటే చిన్నది వెల్ష్‌లో లెక్కపెట్టింది. "ఈన్, దై, త్రీ" అనగానే అమ్మ ఆపి, "త్రి అంటే మూడేనా? మన త్రిమూర్తుల త్రి?" అని అడిగింది. ఆ రెండూ నిజంగానే చుట్టాలని ఈసారి చెప్పగలిగాను. తొమ్మిదోదానికి చిన్నది "నౌ" అన్నది. "నవగ్రహాల నవ," అన్నది అమ్మ వెంటనే. పెద్దవాడు రెండూ విని, నవగ్రహాలంటే ఏమిటని అడిగాడు. మొదటిసారిగా నా వైపు చూడకుండా అమ్మమ్మనే అడిగాడు. మాటలు సగం తెలుగు, సగం ఇంగ్లీషు. అమ్మ సూర్యుడితో మొదలుపెట్టి స్టేషను దాకా చెబుతూనే నడిచింది, నేను అనువాదం చెయ్యలేదు.

ప్లాట్‌ఫారం మీద చెయ్యెత్తే వంతు చిన్నదానిది. కమానులోంచి రైలు కనపడగానే మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి చాపి, రైలు వేగం తగ్గిందాకా దించలేదు. ఆగిన తరువాత వెనక్కి తిరిగి, "అమ్మమ్మా, బండి!" అని పిలిచింది.