ఆదివారం, దాగలి బేరం

పాత దాగలి (కాలిన ఇనుమును పెట్టి కొట్టే కమ్మరి దిమ్మ) ఒకటి అమ్మకానికి ఉందని తెలిసిన దగ్గర్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఇవాళ తీరిక దొరికింది. సంచిలో ఉక్కు గోలీ, చిన్న సుత్తి, స్టీలు స్కేలు, తీగల బ్రష్షు వేసుకుని పొద్దున్నే బయల్దేరాను. గోలీ పాత బేరింగులోంచి తీసింది, అంగుళం మందం ఉంటుంది. దాగలి కొనేటప్పుడు కళ్లను నమ్మే కన్నా గోలీని నమ్మడం మేలు.

ఇన్నాళ్లూ రైలు పట్టా ముక్క మీదే కత్తులు కొట్టాను. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. పట్టాను మామూలుగా పడుకోబెట్టి కొడితే సన్నటి నడుము అదిరి, దెబ్బ బలం కొంత అక్కడే పోతుంది. అదే ముక్కను నిలువుగా నిలబెట్టి బిగిస్తే దాని బరువంతా సుత్తి కిందికి వస్తుంది. కత్తి పనికి కావలసింది ముఖ్యంగా అదే. దెబ్బ పడే చోట కింద బరువుండాలి, పైన గట్టిగా చదునుగా ఉండాలి. మిగతావన్నీ ఆ తర్వాతే. నాకు వచ్చిన ఇబ్బందల్లా జాగాతోనే. కత్తి పొడవు పెరిగే కొద్దీ రెండు కొసలూ గాల్లో వేలాడుతుంటాయి. ఎక్కడ వంగిందో చేతికి తెలియదు. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట మెలిక పడుతుంది.

అమ్మే ఆయన వయసులో పెద్దవారు. షెడ్డులోకి తీసుకెళ్లి రెండు దాగళ్లు చూపించారు. ఒకటి కొత్తది, నిగనిగలాడే రంగు, ముందుకు పొడుచుకొచ్చిన పొడవాటి కొమ్ము, చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండోది తుప్పు పట్టి, ఒక అంచు అక్కడక్కడా పెచ్చులూడి, మూలన పడి ఉంది.

“కొత్తది తీసుకో బాబూ, ఎంత బాగుందో చూడు” అన్నారు.

“ఒక్కసారి పరీక్ష చేసి చూస్తానండీ” అని స్కేలు నిలబెట్టి, 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కొత్తదాని మీద గోలీ వదిలాను. టప్పున పడి, 8 సెంటీమీటర్లు లేచి పక్కకు దొర్లిపోయింది. సుత్తితో తట్టినా మోత లేదు, ఉత్త దబ్ మనే చప్పుడు. అది పోత ఇనుము. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ, అందులో చాలా భాగం గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది. అందుకే దెబ్బ బలాన్ని వెనక్కి ఇవ్వకుండా మింగేస్తుంది. పైన సొట్టలు పడతాయి, అంచున గట్టి దెబ్బ తగిలితే ముక్క ఊడి వస్తుంది. ఆ సొట్టలన్నీ కాలిన కత్తి మీద అచ్చుపడతాయి. వాటిని పోగొట్టాలంటే తర్వాత గ్రైండర్ దగ్గర ఇంకా లోహం తీయాలి. 3 మిల్లీమీటర్ల మందమున్న కత్తిలో తీయడానికి మిగిలేది ఎంత?

ఇక పాతది. తీగల బ్రష్షుతో పైనంతా రుద్దాక గోలీ వదిలాను. ఠంగుమని లేచి 20 సెంటీమీటర్ల గీత దాకా వచ్చింది. అంటే 80 శాతం. లోపల ఎంత సంతోషం వేసిందో మాటల్లో పెట్టలేను. బేరం ముందు మొహం మామూలుగా ఉంచుకోవడానికి కష్టపడ్డాను. మంచి దాగలి మీద కొట్టిన సుత్తిని మళ్లీ లేపే పనిలో సగం దాగలే చేస్తుంది. సాయంత్రం దాకా కొట్టే చేతికి ఆ తేడా తెలుస్తుంది.

ఒక్కచోట చూసి సరిపెట్టుకోకూడదు. ఇలాంటి పాత దాగళ్లలో చాలావాటికి ఒళ్లు మెత్తటి చేత ఇనుముతో చేసి, పైన ఉక్కు పలకను కొలిమిలో కాల్చి అతికేవారు. ఆ అతుకు ఎక్కడైనా విడిపోయి ఉంటే కంటికి కనిపించదు. అందుకే ఒక కొస నుంచి ఇంకో కొస దాకా సుత్తితో తడుతూ, గోలీ వదులుతూ వెళ్లాను. మధ్యలో అంతటా ఒకే మోత. వెనక తోకలా సాగిన భాగం మీద మాత్రం గోలీ 16 దగ్గరే ఆగింది.

పెద్దాయన వంగి చూసి, “అదేంటి, అక్కడ పాడైందా?” అని అడిగారు.

“పాడవలేదండీ. అక్కడ కింద బరువు లేదు, పైగా పక్కనే చదరపు బెజ్జం ఉంది. ఏ దాగలికైనా తోక దగ్గర తగ్గుతుంది” అన్నాను. అతుకు విడిపోతే చప్పుడు బొంగురుగా మారుతుంది. ఇక్కడ అలా లేదు. మోత ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కూడా సరికాదు. అమెరికాలో చేసిన పాత ఫిషర్ దాగళ్లకు పోత ఇనుప ఒళ్లు, పైన ఉక్కు పలక ఉంటాయి. అవి దాదాపు మోగవు, పనికి మాత్రం చాలా మంచివి. చివరి మాట గోలీదే.

పక్కన సుద్దముక్క రుద్దితే అక్షరాలు తేలాయి. ఇంగ్లండులోని పీటర్ రైట్ కంపెనీ తయారీ. దాని కింద 1, 1, 10 అని మూడు అంకెలు విడివిడిగా. పాత ఇంగ్లీషు తూకం అది. మొదటి అంకెకు ఒక్కోటీ 112 పౌండ్లు, రెండోదానికి ఒక్కోటీ 28, మూడోది విడి పౌండ్లు. కలిపితే 150 పౌండ్లు, దాదాపు 68 కిలోలు. ఒక్కడినే కిలో, కిలోన్నర సుత్తితో కత్తులు కొట్టుకునేవాడికి అది బాగా సరిపోయే బరువు. ఎదురుగా ఇంకొకరు సమ్మెట వేసే పనైతే ఇంకా బరువైనది చూసుకోవాలి. కొమ్ము కోసం, కొమ్ము అందం కోసం మాత్రం నేను ఎక్కువ పెట్టను. జపాన్ ఖడ్గాల పనివాళ్లు తరతరాలుగా కొమ్ము లేని ఉత్త ఉక్కు దిమ్మ మీదే అంతటి కత్తులు కొట్టారు.

స్కేలు అంచును దాగలి పైన పొడవునా ఆనించి వెలుతురుకు ఎదురుగా చూశాను. మధ్యలో కాగితం దూరేంత పల్లం, అంతే. పెచ్చులూడిన అంచు నాకు పట్టలేదు, రెండో వైపు అంచు జానెడు పైగా బాగుంది. పైగా మరీ పదునైన అంచు కత్తి పనికి చెరుపే చేస్తుంది. కాలిన ఉక్కులో అది గాటు పెడుతుంది, ఆ గాటు మీదికి లోహం మడతపడితే తర్వాత అక్కడే పగులు వస్తుంది. అంచును ఎలాగూ కాస్త గుండ్రం చేసుకుంటాం.

నేను ఆగి ఆగి చూస్తుంటే నచ్చలేదేమో అనుకున్నారు పెద్దాయన. “మిషను మీద పెట్టించి పైనంతా అద్దంలా చేయించి ఇస్తాను” అన్నారు. నాకు గుండె ఝల్లుమంది. పైనున్న ఉక్కు పలకే వేలు మందం. ఆ గట్టిదనాన్ని చెక్కేసి మెరుపు తెచ్చుకుంటే దాగలి ఆయుష్షు చెక్కేసినట్టే. “వద్దండీ, ఇలాగే కావాలి” అని గట్టిగా చెప్పాను. ఆ తర్వాత బేరం ఎంతోసేపు సాగలేదు. చెక్క పలక ఏటవాలుగా వేసి, ఇద్దరం కలిసి బండిలోకి జరిపాం.

ఇంటి దగ్గర మొద్దు ముందే సిద్ధంగా ఉంది. చెట్టు నిలబడి ఉన్నట్టే, నారలు నిలువుగా ఉండేలా పెట్టాను. మోత తగ్గడానికి దాగలి అడుగున సిలికాన్ జిగురు పూసి కూర్చోబెట్టాను, ఆ మోత చెవులకు మంచిది కాదు. చెయ్యి వదులుగా వేలాడదీసి పిడికిలి బిగిస్తే, వేళ్ల కణుపులకు దాగలి ముఖం, అంటే పైభాగం, తగలాలి. నాకు కాస్త ఎత్తుగా ఉంది.

అయినా ఆగలేక కొలిమి వెలిగించాను. చల్లటి దాగలి పల్చటి కత్తిలోని వేడిని క్షణాల్లో లాగేస్తుంది. రంగు పోయిన ఉక్కును కొడితే పగుళ్లు రావచ్చు. అందుకని ముందు ఒక ఇనుప దిమ్మను కాల్చి పైన పెట్టి, ముఖం చేతికి వెచ్చగా తగిలేదాకా ఉంచాను. తర్వాత నారింజ రంగుకు కాలిన ఉక్కు పట్టీని పట్టకారుతో తెచ్చి ఆనించాను. చిట్టెం, అంటే కాలిన ఉక్కు పైన కట్టే నల్లటి పెచ్చు, పెళుసుగా పొరలు పొరలుగా లేచింది. వాయి (పదును అంచు) వైపు పల్చబడే కొద్దీ ఆ వైపు సాగి కత్తి వెన్ను వైపు వంగడం మామూలే. ఇవాళ ఆ వంపు ఎక్కడ మొదలైందో మొదటిసారి స్పష్టంగా కనిపించింది, ఎందుకంటే పట్టీ మొత్తం దాగలి మీదే ఉంది. చెక్క మీద పెట్టి వంపు తీసి, మళ్లీ దాగలి మీద పడుకోబెడితే ఎక్కడా సందు లేదు.

రేపు మొద్దు అడుగు రెండు వేళ్ల మందం కోయాలి. తోక కింద ఒక పెద్ద అయస్కాంతం అంటించాలి, ఇంకా మోగుతోంది. పెచ్చులూడిన అంచును ఆకురాయితో నునుపు చేయాలి. దాన్ని గ్రైండర్ ముట్టుకోనివ్వను.