‘మా పేరు కూడా రాసుకోండి’ అన్నవాళ్లం

బెంగళూరులో ఇల్లు మారినప్పుడల్లా ఒక ఫైలు పట్టుకెళ్తాను. ఆధార్ జిరాక్స్, పాన్ జిరాక్స్, ఆఫీసు ఐడీ, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. అడక్కముందే ఇచ్చేస్తే పనైపోతుందని. ఈసారి బనశంకరిలో చూసిన ఇంటి ఓనర్ బ్యాంకులో చేసి రిటైరైన పెద్దాయన. నా ఆధార్ కాగితం ఒకసారి చూసి మళ్లీ నా చేతిలోనే పెట్టారు. "ఏమ్మా, చదువుకున్నదానివి, నంబరంతా కనిపించేలా కరపత్రం పంచినట్టు పంచుతావా? చివరి నాలుగంకెలు చాలు నాకు. మాస్క్‌డ్ ఆధార్ తీసుకురా" అన్నారు, కన్నడ యాస కలిసిన తెలుగులో. సరే అంకుల్ అన్నాను గానీ ముఖం మాడిపోయింది. మంచికే చెప్పారని తెలుసు. అయినా మెట్లు దిగుతున్నంతసేపూ మనసులో ఆయనతో వాదిస్తూనే ఉన్నాను.

ఎందుకంటే అంతకుముందు మారతహళ్లిలో నేనున్న పీజీలో, అది మనవాళ్లదే, ఆధార్‌తో పాటు నాన్న ఫోన్ నంబరు, ఊరి అడ్రస్, మేనేజర్ పేరు కూడా పెద్ద రిజిస్టర్‌లో రాయించుకునేవారు. ఆ రిజిస్టర్ టిఫిన్ ప్లేట్ల పక్కన బల్ల మీద ఎప్పుడూ తెరిచే ఉండేది, చట్నీ మరకలతో సహా. కొత్తగా చేరిన అమ్మాయి తన వివరాలు రాసుకుంటూ పైనున్న అందరివీ చదువుకోవచ్చు. అందులో తప్పేముందని ఒక్కరూ అడగలేదు.

అంకుల్‌ది చాదస్తం అనడానికీ లేదు. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయమే, జిరాక్స్‌లు ఎక్కడ పడితే అక్కడ ఇవ్వకండి, మాస్క్‌డ్ కాపీ వాడండి అని ప్రకటన ఇచ్చింది. మరి ఇన్నేళ్లుగా హోటళ్లకీ సిమ్ షాపులకీ ఇచ్చినవాటి సంగతేంటని జనం నిలదీసేసరికి, 29న కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. జనం అపార్థం చేసుకునే అవకాశం ఉందట! ఇక గోప్యత కేసు వేసిందే ఈ ఊరి పెద్దాయన. కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామి గారు 2012లో, ఎనభై ఆరేళ్ల వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్క గొంతుతో గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. ఆ తొమ్మిది మందిలో మన కృష్ణా జిల్లా చలమేశ్వర్ గారున్నారు. ఆధార్‌ని సవాలు చేసినవాళ్లలో బాలకార్మికులని బడికి పంపడానికి రంగారెడ్డి జిల్లాలో ఏళ్ల తరబడి పనిచేసిన శాంతా సిన్హా గారున్నారు. కాబట్టి తెలుగువాళ్లకి ఇవేవీ పట్టవని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

కానీ మాది మహబూబ్‌నగర్ జిల్లా. వలస జిల్లా. అక్కడ పుట్టినవాళ్లకి లిస్టు అంటే వేరే అర్థం. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది గుర్తుందా? అప్పటికి నేను బెంగళూరుకి కొత్త. ముందు రోజు రాత్రి కాచిగూడ రైల్లో నిలబడే చోటు లేదు. బిల్డింగ్ పనులకొచ్చినవాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకుని బాత్రూమ్ దగ్గర కూర్చున్నారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే లెక్కలోకి రామని, రేషన్ పోతుందని, పింఛన్ పోతుందని అందరికీ ఒకటే టెన్షన్. తెల్లారాక సార్లు వచ్చి భూమి ఎంత, గేదెలెన్ని, బ్యాంకు ఖాతా ఉందా, ఇంట్లో రోగాలున్నాయా అని అడుగుతుంటే అమ్మ ఒక్కటి కూడా మర్చిపోకుండా చెప్పింది. పైగా ఇంకేమైనా రాసుకుంటారా సారూ అని అడిగింది.

అందుకే అంకుల్ మీద కోపం వచ్చింది. సొంతిల్లు, పెన్షన్, పుట్టిన ఊరు, అన్నీ ఉన్నవాళ్లకి ఎవరికీ కాగితం చూపించాల్సిన పని లేదు. అద్దెకొచ్చినవాళ్లు, పక్క రాష్ట్రంవాళ్లు అడక్కముందే చూపించాలి, లేకపోతే "ఎవరమ్మా నువ్వు" అనే చూపు. మాకు గోప్యత అంటే, ముందు లెక్కలోకి వచ్చాక ఆలోచించే విషయం.

ఇక్కడిదాకా నా వాదన నాకే బాగా నచ్చింది. ఆ తర్వాత జరిగింది గుర్తుకు రాకపోతే అక్కడే ఆగిపోయేదాన్ని. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్‌తో రకరకాల శాఖల రికార్డుల్ని కలిపి చూడటం మొదలుపెట్టింది. ఇంకెవరి కారో తమ పేరు మీద పడి, రేషన్ పోయినవాళ్ల కథలు పత్రికల్లో వచ్చాయి. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రాసుకోండి రాసుకోండి అని ఎగబడి చెప్పుకున్నది మేము, ఆ రాతల్లో ఏది తప్పుందో చూసుకునే దారి లేనిదీ మాకే. కాబట్టి ఈ గోప్యత గొడవ అంకుల్ లాంటివాళ్లకంటే మాకే ఎక్కువ అవసరం. ఒప్పుకోవడానికి చికాగ్గానే ఉంది.

మరి గొడవ చేస్తున్నది ఎవరు? మా ఆఫీసు సంగతే చెప్తాను. 2025 డిసెంబరు మొదట్లో ప్రతి కొత్త ఫోన్‌లో సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్ ముందే పెట్టి అమ్మాలన్న ఉత్తర్వు బయటపడ్డప్పుడు లంచ్‌లో వేరే మాటే లేదు. గూఢచర్యం అన్నారు, ఐఫోన్ వాళ్లు ఒప్పుకోరన్నారు. దేశమంతా అదే గోల. మూడో తేదీకల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2015లోనూ అంతే. పంపిన మెసేజ్‌లు 90 రోజులు దాచుకోవాలని ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా తెస్తే, జనం గగ్గోలుకి మర్నాటికల్లా మాయమైంది. అరిస్తే పనవుతుందని ఈ దేశంలో రుజువైంది, నాకిది నిజంగా మెచ్చుకోవాలనిపిస్తుంది.

అరిచిన అదే కొలీగ్స్ అపార్ట్‌మెంట్లలో గేటు యాప్ ఉంటుంది. వంటచేసే అక్క లోపలికి అడుగుపెట్టగానే అందరి ఫోన్లూ టింగుమంటాయి. ఎన్నింటికి వచ్చింది, ఎవరెవరి ఫ్లాట్‌కి వెళ్లింది, ఎన్నింటికి పోయింది, స్టార్ రేటింగ్ ఎంత, అన్నీ అందులోనే. నేనుండే చోట వంటకి వచ్చే అక్కది కర్నూలు వైపు. ఆ యాప్‌లో తన గురించి ఏముందో చూపిస్తే, "నా ఫొటో ఎప్పుడు తీశారమ్మా" అంది. దీని మీద ఒక్క పిటిషనూ నాకు ఫార్వర్డ్ కాలేదు.

నన్ను ఇప్పుడు తొలుస్తున్నది ఇంకొకటి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో 44(3) అని ఒక సెక్షన్ ఉంది. అది సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాటని ఆ క్లాజులోంచి తీసేశారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ప్రజాప్రయోజనం ఎక్కువనిపిస్తే ఇవ్వొచ్చనే 8(2) అదే చట్టంలో ఉంది కదా, సరిపోతుంది అంటోంది ప్రభుత్వం. సమాచార హక్కు కార్యకర్తలు మాత్రం అధికారులు దీన్ని అడ్డం పెట్టుకుంటారని ముందునుంచీ మొత్తుకుంటున్నారు. మా వైపు ఉపాధి హామీ మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, ఊరి మధ్య చదివి వినిపించి దొంగ పేర్లు బయటపెట్టినవాళ్లున్నారు. రేపు ఆ పేర్లు వ్యక్తిగతం, ఇవ్వం అంటే? మా గోప్యత పేరు చెప్పి మా కూలి తిన్నవాడి పేరు దాస్తారా?

లంచ్‌లో ఇది ఎత్తితే, సంచార్ సాథీ మీద అందరికంటే గట్టిగా అరిచిన అబ్బాయే "అది పంచాయతీ మ్యాటర్ కదా అక్కా" అన్నాడు.

పంచాయతీ మ్యాటరే. అందుకే ఆ సవరణ గురించి తెలుగులో ఒక పేజీ రాసి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మొదటి రిప్లై చిన్నాన్నది: "అయితే కూలి లిస్టు ఇంక అడగొద్దా బిడ్డా?" అడగమన్నాను. వాళ్లు ‘ఇవ్వం’ అంటే ఆ జవాబు కాగితం పారేయొద్దని, 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయొచ్చని, దరఖాస్తు ఫోన్‌లో ఫొటో తీసి పంపితే నేను రాసిస్తానని చెప్పాను.