చిల్లి కాణీ బరువు

మధ్యాహ్నమంతా నాణేల ఆల్బమ్‌తోనే గడిచిపోయింది. వానలకు చెమ్మ పట్టిన పాత కవర్లు తీసేసి, విక్టోరియా కాలం నుంచి వరుసగా సర్దుకుంటూ వచ్చాను. 1943 దగ్గర చెయ్యి ఆగింది. చిల్లి కాణీలు, అంటే నడుమ చిల్లున్న పావు అణా నాణేలు, కనబడితే ముందుకు వెళ్లబుద్ధి కాదు.

చిన్న తూకం తీసి తూచాను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి కాణీ అయిదు గ్రాములకు కాస్త తక్కువ. చిల్లి కాణీ రెండు గ్రాములు. అంచు కుదించారు, నడుమ లోహం తొలిచేశారు. విలువ మాత్రం తగ్గించలేదు: అదే పావు అణా, అవే రూపాయికి 64. సగానికి పైగా కంచు మిగిలింది సర్కారుకు. యుద్ధానికి రాగి కావాలి, మరోపక్క బజారులో చిల్లరకు కటకట. రెండింటికీ కలిపి వాళ్లకు తోచిన ఉపాయం ఈ చిల్లు.

పక్కన కూర్చున్న మా అమ్మాయి ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "అమ్మా, దీని మీద రాజు ఏడీ?" అంది. నిజమే, ఒకవైపు చిన్న కిరీటం, మరోవైపు ఆకుల దండ, అంతే. అప్పటి రాజు ఆరో జార్జి ముఖానికి చోటే లేదు.

వెండి రూపాయి సంగతి అందరూ చెబుతారు. 1940లో అందులో వెండి పన్నెండింట పదకొండు వంతుల నుంచి సగానికి పడిపోయింది. ఆ ఏడే యుద్ధ భయంతో జనం రూపాయలు దాచుకుంటే, అవసరానికి మించి నాణేలు పోగుచేయడం నేరమన్నారు. రూపాయి నోటు మళ్లీ వచ్చింది. అణా, బేడ (రెండణాలు) కూడా పసుపు రంగు నికెల్ ఇత్తడిలోకి మారాయి. కానీ దాచుకోవడానికి వెండి ఉన్నవాళ్ల కష్టం అది. కాణీ చేత పట్టుకుని బజారుకు వెళ్లినవాళ్ల మాట ఎవరు రాశారు? ఆ 1943లోనే బెంగాల్‌లో లక్షల మంది తిండి లేక చనిపోయారు. బియ్యం ధర ఎన్నో రెట్లు పెరిగిపోతుంటే, కూలివాడి చేతికి వచ్చిన కొత్త డబ్బు ఇదీ. ఈ నాణేన్ని యుద్ధకాలపు వింతగా చూపిస్తే నాకు కోపం వస్తుంది.

సేకరణలో దీనికి పెద్ద ధర పలకదు, లెక్కలేనన్ని ముద్రించారు కదా. అయినా ఈసారి దీనికి విడిగా ఒక పేజీ ఇచ్చాను. యుద్ధానికి ముందటి కాణీని పక్కనే పెట్టి, రెండింటి కింద బరువులు రాశాను. వెండి రూపాయల పని రేపు చూస్తాను.