చుక్క ముట్టని వదినకు ప్యాంక్రియాటైటిస్

వదినకు రెండోసారి ప్యాంక్రియాటైటిస్ (జీర్ణరసాలు తయారుచేసే ప్యాంక్రియాస్ గ్రంథి వాయడం) వచ్చినప్పుడు కూడా డ్యూటీ డాక్టరు అన్నయ్యను పక్కకు పిలిచి అడిగింది ఒక్కటే, ఆవిడకు మందు అలవాటుందా అని. దగ్గు టానిక్కు కూడా ముక్కు మూసుకుని తాగే మనిషి మా వదిన. అడగడం తప్పని అనను, ఈ జబ్బుకు పెద్ద కారణాలు మద్యం, గాల్ బ్లాడర్‌లో రాళ్లే. కానీ స్కాన్‌లో రాళ్లు లేవు, రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్స్, మామూలుగానే ఉన్నాయి. మొదటిసారి "కొందరికి కారణం దొరకదు" అని ఇంటికి పంపేశారు.

ఈసారి ఫైలంతా తిరగేసిన పెద్ద డాక్టరు కాల్షియం దగ్గర ఆగారు. 11.9 ఉంది, మామూలుగా 10.5 దాటకూడదు. మొదటిసారి 10.2 ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అయితే ప్యాంక్రియాస్ వాచినప్పుడు చుట్టూ ఉన్న కొవ్వు కరిగి కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి రక్తంలో అది తగ్గాలట. అంత నొప్పిలోనూ తగ్గకుండా నార్మల్‌గా ఉందంటేనే అనుమానించాలన్నమాట.

తర్వాత పీటీహెచ్ పరీక్ష, అంటే రక్తంలో కాల్షియాన్ని పెంచే పారాథైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చూడడం. 65 లోపు ఉండాల్సింది మూడొందలు దాటింది. మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి, కాల్షియం పెరిగితే అవి ఊరుకోవాలి. వదినకు వాటిలో ఒకటి గడ్డలా పెరిగి, ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలోకి వదులుతూనే ఉంది. (థైరాయిడ్ రిపోర్టు బాగానే ఉందిగా అని బంధువులు ఇప్పటికీ వాదిస్తారు. అది వేరు, ఇది వేరు.) పేగులోకి వెళ్లాక పనిచేయాల్సిన ట్రిప్సిన్ అనే ఎంజైమ్, కాల్షియం ఎక్కువైతే ప్యాంక్రియాస్‌లోనే మేల్కొని దాన్నే అరిగించడం మొదలుపెడుతుంది. కాల్షియం పెరిగిన అందరికీ ఇలా జరగదు, కొద్దిమందికే.

వెనక్కి చూసుకుంటే అన్నీ కలుస్తున్నాయి. ఎప్పుడో కిడ్నీలో రాళ్లు, తీరని మలబద్ధకం, ఒళ్లు నొప్పులు, వాటికి వయసు మీద పడుతోందని రాసిచ్చిన కాల్షియం బిళ్లలు! ముందు ఆ బిళ్లలు ఆపించి, సెలైన్ బాగా ఎక్కించి, కాల్షియం దిగాక స్కాన్‌లో ఏ గ్రంథో పట్టుకుని ఆపరేషన్ చేశారు. గ్రంథి తీసిన పది నిమిషాలకు పీటీహెచ్ మళ్లీ చూస్తే సగానికంటే తక్కువకు పడిపోయింది, సరైనదే తీశామని అలా తేల్చుకుంటారట. ఆ తర్వాత ఆకలి మీదున్న ఎముకలు రక్తంలోని కాల్షియాన్ని గబగబా లాగేసుకోవడంతో పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కి, ఆపించిన బిళ్లలే మళ్లీ మొదలు. వదినకు నవ్వొచ్చింది, అన్నయ్యకు ఒళ్లు మండింది.

మీ ఇంట్లో ఎవరికైనా కారణం తెలియని ప్యాంక్రియాటైటిస్ అంటే, నొప్పి తగ్గాక కాల్షియం, ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్), పీటీహెచ్ ఒకే రోజు చేయించమని అడగండి. కొన్ని కుటుంబాల్లో ఈ పారాథైరాయిడ్ జబ్బు వంశపారంపర్యంగా కూడా వస్తుంది కాబట్టి పిల్లలకూ కాల్షియం చూపించమన్నారు. పెద్దాడిది నార్మల్. చిన్నది సూదంటే భయంతో పరీక్షలున్నాయని, జలుబని ఇంకా తప్పించుకు తిరుగుతోంది.