కాలువలు కట్టేశాక తెనాలిలో

విజయవాడ గవర్నర్‌పేటలోని ప్రెస్సుకు నేను చేరేసరికి బైండింగు గదిలో నా నవల ఆఖరి కట్టలకు పురికొస చుడుతున్నారు. డెమ్మీ సైజు, 224 పేజీలు, ఫారానికి పదహారు పేజీల చొప్పున 14 ఫారాలు, 500 ప్రతులు. ప్రెస్సు యజమాని ఒక ప్రతి చేతికిచ్చి “ముందు అట్ట చూడండమ్మా” అన్నారు. నేను అట్ట జోలికి పోలేదు. 16వ పేజీ చివరి వాక్యం 17వ పేజీలోకి సరిగ్గా సాగిందా, 32 తరువాత 33 వచ్చిందా అని ఫారం మారే ప్రతిచోటా తిప్పి చూశాను. సస్పెన్స్ నవలకు పేజీల వరుసే ప్రాణం. ప్రేమకథలో రెండు పేజీలు తారుమారైతే పాఠకులు సర్దుకుని చదువుతారు. ఇక్కడ ఒక్క ఆధారం ముందుగా బయటపడిందంటే పుస్తకమంతటి శ్రమా బూడిదలో పోసిన పన్నీరే.

ఈ పుస్తకంలో ప్రచురణకర్త అన్నచోట నా పేరే ఉంది. రాతప్రతి పంపిన ఒకచోటి నుంచి జవాబు రాలేదు. మరొకచోట అచ్చు ఖర్చు నన్నే భరించమన్నారు. ఖర్చు ఎలాగూ నాదే అయినప్పుడు అట్ట మీది బొమ్మ నుంచి వెల దాకా నిర్ణయాలూ నావే కావాలనుకున్నాను. పుస్తకానికి గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ సంఖ్య కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. రచయితలు సొంత పేరుతోనే తీసుకోవచ్చు, రుసుము ఏమీ లేదు. ఈ సంగతి తెలియక వెనకాడేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

డబ్బు మాత్రం మా ఊరు తెనాలి పెట్టింది. మా పదో తరగతి స్నేహితులు చందాలు పోగుచేస్తామన్నారు. దానం వద్దు, పుస్తకం వెల 200 రూపాయలు ముందే కట్టండి చాలు అన్నాను. మందుల షాపు నడిపే స్నేహితురాలు కౌంటరు మీద ఒక నోటుపుస్తకం పెట్టింది. జ్వరం మాత్రలకు వచ్చినవాళ్లు కూడా పేరు రాసి డబ్బు కట్టి వెళ్లారు. బడి మానేశాక కథల పుస్తకం ముట్టని ఒకాయన “హంతకుడు మన ఊరివాడేనా?” అని అడిగాడట. అవునో కాదో చెప్పకూడదని రచయిత్రి గట్టిగా చెప్పిందని మా స్నేహితురాలు అంటే, “అయితే రెండు రాసుకో” అన్నాడట. అలా కట్టినవాళ్లందరి పేర్లూ చివరి పేజీల్లో అచ్చు వేశాను. అచ్చు ఖర్చులో పెద్ద భాగం వాళ్లదే.

కట్టలన్నీ ట్రాలీ ఆటోలో సర్ది, పైన పట్టా కప్పి బయలుదేరాం. నేను డ్రైవరు పక్కనే కూర్చున్నాను. కనకదుర్గ వారధి మీదికి రాగానే ఎగువన ప్రకాశం బ్యారేజీ కనిపించింది. దిగువన ఏప్రిల్ చివరి కృష్ణ, అంతా ఇసుక మేటలే. 1855లో కట్టిన ఆనకట్ట స్థానంలో 1957లో బ్యారేజీ వచ్చింది. డెల్టా కాలువలన్నిటికీ నీళ్లు వెళ్లేది అక్కడి నుంచే. వేసవిలో వాటిని కట్టేస్తారు, మళ్లీ వానాకాలం సాగుకు వదులుతారు. నా నవల మొదలయ్యేది సరిగ్గా ఈ రెంటి మధ్య రోజుల్లో. కాలువ ఎండిపోతుంది. అడుగున బురదలో ఒక ఇనప పెట్టె బయటపడుతుంది. దానికి వేసిన తాళం మాత్రం కొత్తది. ఇంతకంటే ఎక్కువ చెప్పను.

మంగళగిరి దగ్గర జాతీయ రహదారి వదిలి తెనాలి దారి పట్టాం. రోడ్డు వారగా మొక్కజొన్న ఆరబోశారు. దుగ్గిరాల వచ్చేసరికి ఎండలో పసుపు వాసన. అక్కడి మార్కెట్ యార్డుకు సీజనులో పసుపు బస్తాలు వచ్చిపడుతూనే ఉంటాయి. నాకు కావలసింది అక్కడి లాకులు. డ్రైవరును ఆపమని దిగాను. నవల రాస్తున్నప్పుడు నాకు లాకుల పని నేర్పిన పెద్దాయన ఆ దగ్గరలోనే ఉంటారు. ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువలూ తలుపులూ చూసుకునే పనివాడిగా చేసి రిటైరయ్యారు.

లాకు అంటే తెలియని కుర్రవాళ్లు ఇప్పుడు డెల్టాలోనే ఉన్నారు. పైకాలువ మట్టం ఎక్కువ, కిందికాలువ మట్టం తక్కువ. పడవ ఒక్కసారిగా దిగలేదు కదా. అందుకే రెండు జతల తలుపుల మధ్య ఒక రాతికట్టు తొట్టి ఉంటుంది. పడవ అందులోకి వచ్చాక వెనక తలుపులు మూసి నీళ్లు మెల్లగా కిందికి వదులుతారు. మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. అంతకు ముందు ఎంత బలం పెట్టినా తెరుచుకోవు, నీటి ఒత్తిడే వాటిని బిగించి ఉంచుతుంది. ఈ కాలువల మీదుగా పడవలు కొమ్మమూరు కాలువలోకి, అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా వెళ్లేవి. అవి ఆగిపోయి దశాబ్దాలైంది. నా కథలో ఒక మనిషి తాను ఫలానా వేళకు ఫలానా చోట ఉన్నానని చెప్పే సాక్ష్యం ఈ తలుపుల మీదే ఆధారపడి ఉంది.

పెద్దాయన చేతికి మొదటి ప్రతి ఇచ్చాను. అచ్చు చిన్నదని ఆయన మనవరాలు చదవబోయింది. “మొదటి నుంచి వద్దమ్మా, తలుపుల సంగతి ఉన్న పేజీ తియ్యి” అన్నారు. ఆ పిల్ల చదువుతూ ఉంటే ఆయన కళ్లు మూసుకుని రెండు అరచేతులూ గాలిలో నిలబెట్టి, వేళ్ల చివరలు ఎగువ వైపుకు కోణంగా ఆనించారు. తలుపులు మూసుకునే తీరు అదే. పేరా పూర్తయ్యేదాకా ఆ చేతులు కదలలేదు. నీటి మట్టం సమానమైందన్న వాక్యం రాగానే మెల్లగా విడదీశారు. “సరిగ్గానే రాశావు” అన్నారు. నా కథకు ఇంతకు మించిన పరీక్ష ఎవరూ పెట్టలేరు.

తెనాలిలో అడుగుపెట్టేసరికి మిట్టమధ్యాహ్నం. తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువ మూడూ ఊరి మధ్య నుంచే పోతాయి. ఈ కాలువలను చూసే ఊరికి ఆంధ్రా పారిస్ అన్న పేరు వచ్చిందంటారు. మూడింట్లోనూ ఇప్పుడు అడుగంటిన చెమ్మే. రణరంగ చౌక్ దగ్గర ఆగి దండం పెట్టుకున్నాను. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసుల కాల్పులకు అక్కడ ఏడుగురు బలయ్యారు. చిన్నప్పుడు ఆ కథను మా తాతగారు ప్రతిసారీ కొత్తగా విన్నట్లే వినిపించేలా చెప్పేవారు. తరువాత ఏం జరుగుతుందో తెలిసినా ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. కథను ఎక్కడ ఆపాలో నాకు తెలిసింది ఆయన దగ్గరే.

అక్కడి నుంచి నేరుగా కంపోజిటర్ బాబాయిగారి ఇంటికి. సీసపు అక్షరాలు ఒక్కొక్కటిగా ఏరి పేర్చిన కాలం మనిషి. ఒత్తులూ గుడులూ వేరువేరు గళ్లలో ఉండేవనీ, చీకట్లో కూడా చేతికి అందేవనీ చెబుతారు. నా నవల ప్రూఫులు ఆయనే దిద్దారు. వాక్యం కింద పోస్టుకార్డు ఆనించి ఒక్కో వరుసే కిందికి జరుపుకుంటూ చదివారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, మూడు ప్రతులు అడిగారు.

“ఆ రోజుల్లో డిటెక్టివ్ నవల ఆఖరి ఫారం కంపోజ్ చేస్తున్నామంటే వీధి వీధంతా మా చుట్టూ చేరేది అమ్మాయీ. హంతకుడెవరో చెప్పమని టీలు ఇప్పించేవాళ్లు” అన్నారు.

“చెప్పేవారా?”

“టీ తాగేవాళ్లం” అన్నారు, అంతే.

డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావు 1926లో పుట్టింది ఈ ఊళ్లోనే. నేను సస్పెన్స్ రాస్తున్నానంటే “సాహిత్యం రాయవచ్చు కదా” అని సలహా ఇచ్చినవాళ్లు హైదరాబాదులో చాలామంది ఉన్నారు. తెనాలిలో ఆ మాట ఒక్కరూ అనలేదు. ఉత్కంఠ పుట్టించడం తేలికపని కాదని ఇక్కడివాళ్లకు తెలుసు. బాబాయిగారు ఇంకొకరిని కూడా తలుచుకున్నారు. తమిళం మాతృభాషగా 1937లో కుర్రవాడిగా ఈ ఊరికి వచ్చి, హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, శారద అన్న పేరుతో కథలూ నవలలూ రాసిన నటరాజన్. 1955లో, ముప్పై ఏళ్లు దాటుతూనే కన్నుమూశారు. పగలంతా బల్లలు తుడిచి రాత్రి రాసుకున్న ఆ మనిషి పేరు ఈ ఊళ్లో ఎత్తితే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడే పెద్దలున్నారు. తీరిక లేదని నేను నవల వాయిదా వేసిన ప్రతిసారీ గుర్తుకొచ్చింది ఆయనే.

ఆవిష్కరణ మేము చదువుకున్న బడి ఆవరణలో. ఎండ తగ్గాక వేపచెట్ల కింద కుర్చీలు వేశారు. మైకు సెట్టు అతను మా బడిలోనే చదివాడు, అద్దె మాట ఎత్తనివ్వలేదు. మా మేనత్త బెల్లం జిలేబీ తెప్పించింది. శాలువాలు వద్దని ముందే బతిమాలుకున్నాను కాబట్టి ఆ కార్యక్రమం లేకుండా పోయింది, గంట సమయం మిగిలింది.

ఆ గంటనూ తెనాలి తనకు చేతనైన విధంగా వాడుకుంది. పరిషత్తు నాటకాలాడే నటులు ఇద్దరు మొదటి అధ్యాయాన్ని చదివారు. వేషం లేదు, తెర లేదు, చేతిలో పుస్తకమే. ఒకరు కథకుడి మాటలు, మరొకరు సంభాషణలు. ఇనప పెట్టెను గట్టు మీదికి లాగే చోట కథకుడు గొంతు బాగా తగ్గించారు. మైకును కూడా దూరం పెట్టారు. వెనక వరుసలవాళ్లు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. తాళం పగలగొట్టడానికి సుత్తి ఎత్తిన వాక్యం దగ్గర ఇద్దరూ పుస్తకాలు మూసేసి వేదిక దిగిపోయారు. “తరువాత?” అని ఒక పిల్లవాడు గట్టిగా అరిచాడు. అమ్మకాల బల్ల దగ్గర తోపులాట మొదలైంది.

మా తెలుగు మాస్టారు పుస్తక పరిచయం చేశారు. సభల్లో కథంతా చెప్పేసే వక్తలను చూసి విసిగిపోయినదాన్ని కాబట్టి భయపడుతూనే కూర్చున్నాను. ఆయన కథ ముట్టుకోలేదు. భాష గురించి మాట్లాడారు. ఉత్కంఠ ఉన్నచోట వాక్యాలు పొట్టిగా ఉన్నాయనీ, కాలువ వర్ణన వచ్చేసరికి పొడవుగా సాగాయనీ, అది బాగుందనీ అన్నారు. రెండుచోట్ల విశేషణాలు ఎక్కువయ్యాయని పేజీ సంఖ్యలతో సహా చెప్పారు. పదో తరగతిలో వ్యాసం దిద్ది ఇచ్చినట్లే ఉంది. ఆ పేజీల్లో అక్కడికక్కడే గుర్తులు పెట్టుకున్నాను.

అసలు విచారణ ప్రశ్నల సమయంలో జరిగింది. ముందస్తు ప్రతి చదివిన ఒక రైల్వే రిటైర్డ్ గార్డు లేచి, కథలో రాత్రి రైలు దిగిన మనిషి స్టేషన్ నుంచి లాకుల దాకా సైకిల్ మీద ముప్పావుగంటలో వెళ్లగలడా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే పాలు పోసే ఆయన “గట్టు మీద వెళితే వెళ్లగలడు, నేను రోజూ తొక్కుతాను” అన్నారు. వెన్నెల లేని రాత్రి గట్టు మీద ఎలా తొక్కుతాడని ఇంకొకరు. “కథలో పంచమి అని ఉంది, చంద్రుడు ఎంతసేపు ఉంటాడు?” అని వెనక నుంచి ఒక ఆవిడ. కుట్టుపని చేసే ఆవిడట, ముందస్తు ప్రతి చదివి వచ్చారు. పక్కనున్న పురోహితుడు శుక్ల పంచమి అయితే రాత్రి మొదటి భాగంలోనే అస్తమిస్తాడని చెప్పారు. “అదే మరి. ఆయన చీకట్లోనే వెళ్లాడు. అందుకే చొక్కాకు తుమ్మముల్లు చిరుగు పడింది” అన్నారావిడ. ఆ చిరుగును నేను 61వ పేజీలో ఒక్క వాక్యంలో దాచిపెట్టాను. నా నవలను నా ముందే ఊరు విచారించి, నిలబడుతుందని తేల్చింది. సొంత ఊరి అండ అంటే చప్పట్లని ఇన్నాళ్లూ అనుకునేవాళ్లు ఉంటారేమో. నాకు దొరికింది ఇది. ప్రతి మలుపూ తెలిసినవాళ్లు, ఒక్క సందు తప్పు రాసినా పట్టుకునేవాళ్లు, నమ్మాక మాత్రం నా తరఫున వాదించేవాళ్లు.

మర్నాడు పొద్దున బోస్ రోడ్డులో రెండు స్టేషనరీ దుకాణాలకూ, మందుల షాపుకూ ప్రతులు ఇచ్చాను. పంపిణీకి ఇంతకు ముందు ఒకచోట అడిగితే వెలలో సగం దాకా కమిషన్ అన్నారు. మా ఊరి దుకాణాలవాళ్లు పాతిక శాతం చాలన్నారు. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరాకూ, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ పంపవలసిన ప్రతులను విడిగా కట్టి, చిరునామాలు రాసి పోస్టాఫీసులో ఇచ్చాను.

రేపల్లె నుంచి ఒక దుకాణదారు రెండు కట్టలు కావాలని కబురు పెట్టడంతో ఆ ప్రయాణం కూడా పెట్టుకున్నాను. తెనాలి నుంచి రేపల్లెకు వెళ్లే చిన్న రైలు మార్గం నా కథలో ఉన్నదే. వేమూరు దాటాక ఎదురు సీటులోని ఆవిడ కట్ట వైపు చూసి ఏం పుస్తకాలని అడిగారు. ఒకటి విప్పి ఇచ్చాను. కొని అప్పుడే మొదలుపెట్టారు. భట్టిప్రోలు వచ్చింది. స్తూపంలో దొరికిన పెట్టెల మీది బ్రాహ్మీ అక్షరాల వల్ల లిపి చరిత్రలో నిలిచిన ఊరు. నేను ఆ మాటే చెప్పబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు, అధ్యాయం పూర్తి కాలేదట.

“ఈ లస్కరు మంచివాడేనా అండీ?” అని అడిగారు కాసేపటికి.

“చదవండి” అన్నాను.

రేపల్లె దుకాణదారు రెండు కట్టలకూ అక్కడే డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, వచ్చే వారానికి ఇంకొక కట్ట పంపమన్నారు. తెనాలిలో మిగిలినవి ఎన్నో ఫోనులో కనుక్కుని, విజయవాడ ప్రెస్సుకు ఫోను చేశాను. మాస్టారు చెప్పిన రెండు పేజీలు మార్చి ఫైలు పంపుతాననీ, రెండో ముద్రణకు కాగితం ధర చెప్పమనీ అడిగాను.